ఆ రోజు బస్సు లేదు

మా ఇంట్లో పిల్లలు అంటే రెండు రకాలు. ఒక రకం దొడ్లో ఉండే గొర్రెపిల్లలు, రెండో రకం నేనూ మా తమ్ముడు శీనుగాడూ. నాయన పొద్దున్నే గొంగడి దులుపుకుంటూ "పిల్లలు తాగినాయా" అని అడిగితే అది దొడ్లో వాటి సంగతి. "పిల్లలు తిన్నారా" అంటే మా సంగతి. మొదటి ప్రశ్న రోజూ వినపడేది, రెండోది ఎప్పుడో ఒకసారి. దాని మీద మాకేమీ కోపం ఉండేది కాదు. మాట చివర చూసి ఎవరి గురించో తెలుసుకుని మా పని మేం చూసుకునేవాళ్ళం. అట్లాంటి చివర లేని మాట ఒకటి ఒకసారి మా ఇంటికి వచ్చి ఎంత పని చేసిందో ఇప్పుడు రాయబోతున్నాను.

రాయమని అడిగింది మహేష్, శీనుగాడి మనవడు. వాడు ఆదివారాలు పట్నం వాళ్ళను మా ఊరికి పిలుచుకొచ్చి, బారుగట్టు ఎక్కించి, సాయంత్రానికి దింపుతాడు. దానికి ట్రెక్కింగ్ అని పేరు. పోయిన నెల మార్కాపురంలో నా ఇంటికి వచ్చి టీ తాగుతూ, "అవ్వా, నువ్వు టీచరుగా చేసినావు గదా, గట్టు గురించి రెండు పేజీలు రాసియ్యి, ఫోన్లో పెడతా. మీ తాత ఒక్కడే అరవై జీవాల్ని ఒక్క పొద్దులో దాటించినాడంట గదా, ఆ కథ రాయి. ఊళ్ళో అందరూ చెప్తారు" అన్నాడు. ఆ "ఒక్కడే" దగ్గర నా టీ గ్లాసు ఆగిపోయింది. రాస్తాను గానీ జరిగింది జరిగినట్టే రాస్తాను, అక్షరం తీసెయ్యకూడదు అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మా వైపు గట్టు అంటే కొండ. చెరువుకు ఉండేది కట్ట. బారుగట్టు అర్ధవీడు పక్క మా ఊరి వెనక లేచి, ఎక్కడా పూర్తిగా దిగకుండా పోయి పోయి కంభం చెరువు ఎగువన నీళ్ళ అంచుకు వాలుతుంది. దాని వీపు మీద నడిస్తే చీకటితో బయల్దేరి పొద్దు గూకేదాకా పడుతుంది. అదే జీవాల్ని చుట్టూ రోడ్డు మీద తోలితే రెండు రోజులు దాటుతుంది, దారి పొడుగునా పైర్ల వాళ్ళతో తగువులు వేరే. అందుకని గొర్రెల వాళ్ళు గట్టునే నమ్ముకున్నారు.

మాది రెండు గదుల ఇల్లు, ఇంటికంటే దొడ్డి పెద్దది. వాన పడితే తడిసిన గొంగళ్ళ వాసన, ఎండ కాస్తే ఎండిన పెంటికల వాసన, ఏ కాలమైనా పాల వాసన. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. ఆ పిల్ల ముక్కు మూసుకుంటే నేను ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని. తాత సాయంత్రాలు దొడ్డి తడిక పక్కన కూర్చునేవాడు. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీసేవాడు కాదు. మంద లోపలికి పోతుంటే ఆయన లెక్క పెట్టేవాడు కాదు, మొహాలు చూసేవాడు. "నల్లమూతిది రాలేదే" అనేవాడు. పోయి వెతికితే అది నిజంగానే వాగులో ఏ కంపకో తగులుకొని ఉండేది. మనుషుల మొహాలు అంత శ్రద్ధగా చూసేవాడు కాదు. నా పేరు ఆయన నోట విన్న గుర్తు లేదు, మే పాపా అనే పిలిచేవాడు.

మంద ఇంటికి చేరాక మగవాళ్ళు కాళ్ళు కడుక్కొని కూర్చుంటే ఆడవాళ్ళ పని మొదలయ్యేది. పొదుగులు నిండిన గొర్రెలు తడిక ఇవతల అరుస్తుంటే, పొద్దంతా తల్లులకు దూరంగా ఉన్న పిల్లలు అవతల మూతులు పెట్టి అరిచేవి. ఆ గోలలో తడిక తీసి పిల్లల్ని విడవాలి. తల్లి దొరకని దాన్ని ఎత్తుకుపోయి తల్లి దగ్గర దించాలి. తాగనియ్యని గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకోవాలి. మొదట అమ్మ పని, నాకు ఊహ తెలిశాక నా పని. తడిక తీసేముందు "దా... దా... దాదాదా" అని పిలవడం మా ఇంటి అలవాటు. అమ్మది మెత్తని గొంతు, నాది కీచు గొంతు. అది వినపడితే చాలు, గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి తోసుకొచ్చేవి. "మే పాపా, చెవులు పోతాండాయి, చిన్నగ పిలువు" అని తాత విసుక్కునేవాడు. నేను ఇంకా గట్టిగా పిలిచేదాన్ని. ఇంట్లో నా మాటకు పరిగెత్తుకొచ్చేవి అవే మరి.

ఇంత పని చేసే ఆడవాళ్ళకు బారుగట్టు మీద మాత్రం అడుగు లేదు. ఆడది గట్టెక్కితే మందకు తగులుతుంది అనేవాళ్ళు. ఏం తగులుతుందో ఎవరూ చెప్పలేదు. రోగమో, చిరుతో, ఏదో ఒకటి. గట్టు నడుం దగ్గర ఒక తెల్లరాయి ఉండేది. కట్టెలకు, కలివికాయలకు ఆడవాళ్ళు అక్కడి దాకా పోయి ఆగిపోయేవాళ్ళు. నిండు నెలలతో మోపులు మోసిన ఆడవాళ్ళు, పెద్ద పొట్టేళ్ళను కొమ్ములు పట్టి లొంగదీసిన ఆడవాళ్ళు, ఆ రాయి దగ్గరికి వచ్చేసరికి బలహీనులైపోయేవాళ్ళు. నేను ఒకసారి అమ్మను అడిగాను, రాయి దాటితే ఏమవుతుందని. "ఏమవుతాదో చూడనీకి ఎవరు దాటినారు మే" అని మోపు సర్దుకుంది.

నాకు పదమూడేళ్ళప్పటి ఎండాకాలం, మా ఊరి పక్క గడ్డి ముందే అయిపోయింది. చెరువు వెనక్కి తగ్గితే ఎగువన, నీళ్ళు పోయిన మేర పచ్చిక లేస్తుంది. నాయనా తాతా పెద్ద జీవాల్ని గట్టు మీదుగా అక్కడికి తోలుకుపోయారు. గొర్రెపిల్లలు నలభై ఒకటి, ఇంకా పాలు తాగేవి, గట్టు నడవలేనివి, ఇంటి దగ్గర ఉండిపోయాయి. ఏర్పాటంతా ముందే అనుకున్నదే. అక్కడ గడ్డి ఉంటే నాయన మరుసటి రోజు బస్సులో కబురు పంపుతాడు. కబురు అందగానే మా వీధి చివరి రైతు తన ట్రాక్టరు ట్రక్కులో పిల్లల్ని వేసుకుని సాయంత్రానికి చెరువు దగ్గర దింపుతాడు. ఒక్క రాత్రి, ఒక పగలు తల్లులు లేకుండా ఉండాలి. ఇంట్లో ఉన్న రెండు మేకల పాలు, కాసిని లేతాకులు పెట్టి అమ్మ నెట్టుకొస్తుంది.

మా ఊరికి బస్సు రోజు విడిచి రోజు. వచ్చిన రోజు మధ్యాహ్నం వచ్చి, కండక్టరు మంచినీళ్ళు తాగాక అదే బస్సు మళ్ళీ వెనక్కి పోయేది. నాయన చెరువు దగ్గర ఆ కండక్టరును ఆపి చెప్పిన మాట, "మా ఇంటికాడ చెప్పన్నా, పిల్లల్ని పంపమని." అంతే. "పిల్లల్ని" అన్న మాటకు తాగినాయా తిన్నారా అనే చివర లేదు. గొర్రెల వాళ్ళకు అవసరం లేదు. కానీ మోసుకొచ్చినాయన గొర్రెల మనిషి కాదు. పిల్లలంటే ఆయనకు ఒకటే రకం. మా ఇంటి ముందు ఆగి, సాయం చేస్తున్నాననుకుని ఒక మాట తనే కలిపాడు. "ఏమ్మా, మీ ఆయన పిల్లల్ని బస్సెక్కించి పంపమన్నాడు."

"ఎందుకంట?" అంది అమ్మ.

"నాకేం తెల్సు. తొందరగా కానీండి, బస్సు తిప్పుతాండారు."

అమ్మ ఒక్క నిమిషం దొడ్డి వైపు చూసింది. బస్సులో గొర్రెపిల్లల్ని ఎవరెక్కిస్తారు, కాబట్టి మేమే అయ్యుండాలి. గడ్డి లేదేమో, మంద రేపు తిరిగొస్తుందేమో, ఈలోపల బడి సెలవులు గదా, పిల్లలకు చెరువు చూపించాలనుకున్నాడేమో అనుకుంది. తనను ఏ చెరువుకూ ఎవరూ పిలుచుకుపోలేదు కాబట్టి మాకు ఆ భాగ్యం వచ్చిందని సంతోషపడింది కూడా. నా తలకు ఇంత నూనె పెట్టి, రెండు జడలు వేసి, కనకాంబరాలు తురిమి, పండగ పరికిణీ కట్టి బస్సెక్కించింది. వీధి చివర ట్రాక్టరు ఆయన కబురు కోసం ఎదురు చూస్తూ ట్రక్కు నీడలో పడుకుని ఉన్నాడు. బస్సు కిటికీలోంచి ఆయనకు చెయ్యి కూడా ఊపాను.

సాయంత్రం చెరువు దగ్గర దిగేసరికి నాయన గొంగడి మీద కూర్చుని ఉన్నాడు. గట్టు దిగేటప్పుడు పాదంలో ముల్లు విరిగి, కాలు మడమ నుంచి పిక్క దాకా వాచిపోయింది. మమ్మల్ని చూసి ఆయన మొహంలో ముందు సంతోషమే కనపడింది. తర్వాత మా వెనక రోడ్డు వైపు చూశాడు.

"మీరేంది వచ్చినారు? పిల్లలేవి?"

"మేమే గదా నాయనా" అన్నాడు శీనుగాడు.

తాత చుట్ట నోట్లోంచి తీశాడు. ఆయన అట్లా తియ్యడం నేను మొదటిసారి చూశాను. నాయనకు నవ్వు వచ్చి, సగంలో ఆగిపోయింది. ఆ పక్కన అరవై గొర్రెలు గడ్డిలో నిలబడి, గడ్డి ముట్టకుండా, మా ఊరి దిక్కుకు తలలు తిప్పి అరుస్తున్నాయి. పొదుగులు రాళ్ళలా గట్టిపడ్డాయి. ఒకదాన్ని ముట్టుకుంటే నొప్పికి నన్ను తన్నింది. అవతల నలభై ఒక్క పిల్లలు తల్లిపాలు లేకుండా ఒక రాత్రి, ఒక పగలు అప్పటికే గడిపాయి. ఇంకో రోజు ఆగితే చిన్నవి బతకవు. మరుసటి రోజు బస్సు లేదు. తాత ఒక్కడే గట్టు దాటి పోయి చెప్పినా, చీకట్లో ఆ అడివి రోడ్డుకు ట్రాక్టరు తియ్యరు, ఇంకో రాత్రి పోతుంది. తల్లుల్నే తోలుకుపోవడం తప్ప దారి లేదు. దానికి మంద ముందర ఒకరు, వెనక ఒకరు కావాలి. వెనక మనిషి లేకపోతే గట్టు మీద సగం మంద లోయల్లోకి జారిపోతుంది. నాయన లేచి నిలబడబోయి కూలబడ్డాడు.

"తెల్లారినాక కంభంలో ఎవరన్నా మొగమనిషిని చూసి పిల్చుకొస్తా" అన్నాడు తాత.

"అప్పటికి పొద్దెక్కుతాది. గట్టు మీదనే చీకటి పడతాది నాయనా. చిరుత తిరుగుతాంది" అన్నాడు మా నాయన.

"నేను వస్తా" అన్నాను.

తాత నా వైపు కాకుండా నాయన వైపు చూసి చెప్పాడు. "ఆడకూతురు బారుగట్టు ఎక్కదు. మందకు తగుల్తాది."

"దినామూ పిల్లల్ని విడిచేది నేనే గదా తాతా. అప్పుడు తగలంది ఇప్పుడెట్ల తగుల్తాది?"

"నోరు ముయ్యి మే."

నాయన గొర్రెల వైపు తిరిగాడు. అరుపులు వింటూ కూర్చున్నాడు. తర్వాత తాత వినేటట్టు, శీనుగాడితో చెప్తున్నట్టు అన్నాడు. "నీకన్న మీ అక్కకే కాళ్ళు గట్టిరా. నువ్వు రేపు నాకాడనే ఉండు." నాకు అది చాలు.

కోడి కూసే వేళకు తాత మంద లేపాడు. నేను నాయన కట్టె తీసుకుని మంద వెనక నిలబడ్డాను. వెయ్యడానికి వేరే బట్టలు లేవు. అదే పండగ పరికిణీ, అవే వాడిపోయిన కనకాంబరాలు, కాళ్ళకు చెప్పులు లేవు. పరికిణీ మోకాళ్ళ మీదికి ఎత్తి బిగించి కట్టాను. తాత వెనక్కి తిరిగి చూడలేదు. వద్దనలేదు, రమ్మనలేదు. వెనక ఎవరూ లేనట్టే, మంద తనంతట తనే వస్తున్నట్టే నడవడం మొదలుపెట్టాడు. సరే అనుకున్నాను. చూడకపోతే పోనీ, నడుస్తున్నది నా కాళ్ళు.

మొదటి ఎక్కుడు చెట్ల నడుమ, నిట్టనిలువు. గొర్రెల డెక్కల కింద రాళ్ళు జారి నా మీదికే వచ్చేవి. తెల్లారేసరికి గట్టు వీపు మీదికి వచ్చాం. గాలి ఒక్కసారి కొట్టింది. వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీది నుంచి చూస్తే ఎదురుగా నీళ్ళు తప్ప ఇంకేమీ తెలియని కంభం చెరువు, ఆ రోజు మొదటిసారి దాని ఆకారం చూపించింది. ఏ కొండ సందులో నుంచి నీళ్ళు వస్తున్నాయో, ఏ రెండు కొండల మధ్య కట్ట కట్టి ఆపారో, కట్ట కింద పైరు ఎంత దూరం పోయిందో అంతా ఒక్క చూపులో. దానికి ఇవతల అవతల ఎన్నో కుంటలు, కొన్ని ఎండి తెల్లగా, కొన్నిట్లో కాసిని నీళ్ళు మెరుస్తూ. మా బడి గోడ మీద పటంలో ఇంత అందం లేదు. నాకు వెంటనే కోపం వచ్చింది. ఇన్ని తరాల ఆడవాళ్ళకు ఇది చూడనియ్యకుండా కింద ఒక రాయి పెట్టి ఆపారా అని. మా అమ్మ ఒక్కసారి చూడాల్సింది. ఇప్పటికీ ఆ కోపం అట్లాగే ఉంది, వయసుతో ఏమీ తగ్గలేదు.

బారుగట్టుకు ఏడు మూపులు. ఎక్కిన ప్రతి మూపూ ఆఖరిదే అనిపిస్తుంది. పైకి చేరగానే ఎదురుగా ఇంకోటి లేస్తుంది. మధ్యలో దిగాలి, దిగినదంతా మళ్ళీ ఎక్కాలి. మూడో మూపు దగ్గర తాత సొరబుర్రలో నీళ్ళు తాగి, బుర్రను ఒక బండ మీద పెట్టి ముందుకు పోయాడు. నా చేతికి ఇవ్వలేదు, నా కోసం పెట్టినట్టూ కనపడనియ్యలేదు. నేను తాగి బుర్ర భుజానికి తగిలించుకున్నాను. జొన్నరొట్టె కూడా అట్లాగే ఒక రాయి మీద దొరికింది. బోదగడ్డి కాళ్ళు కోసింది. బలుసు ముళ్ళు పరికిణీ చింపాయి. పక్కకు జారబోయిన గొర్రెలను ఎన్నిసార్లు దిగి ఎక్కించుకొచ్చానో నాకే తెలియదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బండలు కాలి అరికాళ్ళు పెట్టనియ్యలేదు. నడవడం ఆపితే ఎక్కువ కాలుతుంది కాబట్టి ఆపలేదు.

అయిదో మూపు దాటాక ఒక ఇరుకు ఉంది. రెండు పక్కలా లోయ, నడుమ ఇద్దరు పక్కపక్కన నడవలేనంత బండల వరస, ఒక యాభై అడుగులు ఉంటుంది. తాత దానికి ఇవతలే, దారి పక్కన మోకాలు పట్టేసి కూర్చుండిపోయాడు. లేవబోయాడు, మోకాలు మడత పడలేదు. ముందర మనిషి ఆగితే మంద ఆగుతుంది. ఆగిన మంద ఆ ఎండలో తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి గుంపు కట్టింది. గొర్రెలు అట్లా తలలు దూర్చాయంటే ఇక సాయంత్రం చల్లబడేదాకా కదలవు. తాత కూర్చున్నచోటి నుంచే అదిలించాడు, ఈల వేశాడు, కట్టె బండకేసి కొట్టాడు. ఒక్కటీ తల ఎత్తలేదు.

"ఈణ్ణే ఆగుదాం. చల్లబడినాక చూద్దాం" అన్నాడు. పొద్దున్నించి ఆయన నాతో ఆడిన మొదటి మాట అది.

"చల్లబడేసరికి చీకటి పడతాది. పిల్లలు చస్తాయి" అన్నాను.

"ఏం చెయ్యమంటావు మరి? నువ్వు తోల్తావా?"

వెటకారంగానే అన్నాడు. నేను మాత్రం వెటకారంగా తీసుకోలేదు. గుంపును తప్పించుకుని, లోయ వైపు అంచున బండలు పట్టుకుని పాకుతూ ముందుకు పోయాను. కిందికి చూడలేదు. చూస్తే ఇప్పుడు ఇది రాయడానికి ఉండేదాన్ని కాదు. ఇరుకు దాటి అవతల బండ మీద నిలబడ్డాను. నాకు ఈల వెయ్యడం రాదు, తాతలాగా అదిలించడం రాదు. నాకు వచ్చిన పిలుపు ఒక్కటే. దొడ్డి తడిక ముందు నిలబడినట్టు నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచాను. "దా... దా... దాదాదా."

అరవై తలలు ఒక్కసారి లేచాయి. ఆ పిలుపు వినపడితే పిల్లలు వస్తాయని వాటికి తెలుసు. నల్లమూతిది ముందు అడుగేసింది. దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి, ఆ సన్నటి బండల మీద ఒకే వరసలో, తోసుకోకుండా, జారకుండా, అరుచుకుంటూ నా మీదికి వచ్చేశాయి. నేను వెనక్కి నడుస్తూ పిలుస్తూనే ఉన్నాను. పిల్లలు అక్కడ లేవు, వాటిని మోసం చేస్తున్నానని నాకు తెలుసు. సాయంత్రానికి ఆ మాట నిలబెడతానని వాటికి మనసులోనే చెప్పుకున్నాను. ఆఖరి గొర్రె దాటాక చూస్తే, తాత కట్టె ఊతతో ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇరుకు దాటుతున్నాడు. పొద్దున్నుంచీ నేను ఉన్న చోట, మంద వెనక.

అక్కణ్ణించి ముందర నేనే. గొంతు బొంగురుపోయింది, పోయినా పిలిచాను. ఆరో మూపు, ఏడో మూపు ఎట్లా దాటానో సరిగా గుర్తు లేదు. నీళ్ళు అయిపోయాయి. మడమ తెగి బండల మీద నా నెత్తురు మరకలు పడ్డాయి, వాటి మీదుగా గొర్రెలు నడిచొచ్చాయి. తెల్లరాయిని పై నుంచి కిందికి దాటేటప్పుడు మాత్రం ఆగి దాని మీద కూర్చుని కాలికి గుడ్డ కట్టుకున్నాను. తాత వెనక నుంచి చూశాడు.

పొద్దు గూకుతుండగా కింద దొడ్డిలో నుంచి పిల్లల అరుపు వినపడింది. అంతే, గొర్రెలు నన్ను దాటుకుని దూకాయి. నేను పక్కకు జరిగి నిలబడ్డాను. అమ్మ తడిక తీసింది. ఆ గోల, ఆ దుమ్ము, తోకలు ఊపుతూ ముందు కాళ్ళ మీద మోకరించి పొదుగులు గుద్దుతున్న ఆ పిల్లలు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను, ఎవరికీ వినపడలేదు. పది పన్నెండు పిల్లలు లేవలేక పడి ఉంటే నేనూ అమ్మా ఎత్తి తల్లుల కింద పెట్టి, నోట్లోకి పాలు పిండాం.

అప్పటికి ఊళ్ళోవాళ్ళు దొడ్డి చుట్టూ చేరారు. పెద్దమనిషి ఒకాయన అడిగాడు. "ఎవురెవురు తోలుకొచ్చినారు మామా? నీ కొడుకేడి?"

"వాడు కాలికి ముల్లు ఇరిగి ఆడనే ఉండాడు. నేనొక్కణ్ణే తోలుకొచ్చినా" అన్నాడు తాత.

"పాపేంది మరి? నిన్న బస్సెక్కిందంటిరే?"

"పాప బస్సులో వచ్చింది" అన్నాడు తాత, చుట్ట వెలిగించుకుంటూ.

నా చేతుల్లో గొర్రెపిల్ల ఉంది. దాన్ని కింద దించి, బొంగురు గొంతుతోనే చెప్పాను. "ఈ పొద్దు బస్సు లేదు."

అందరికీ వినపడింది. ఆ రోజు బస్సు రాదని ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. నా చిరిగిన పరికిణీ, తెగిన కాళ్ళు అందరి కళ్ళ ముందే ఉన్నాయి. అయినా ఒక్కరూ అవుననలేదు, కాదనలేదు. పెద్దమనిషి చెరువు దగ్గర గడ్డి ఎట్లా ఉందని తాతను అడిగాడు. తాత చెప్పాడు. అట్లా నేను బస్సులో వచ్చేశాను.

అమ్మ నన్ను లోపలికి పిలుచుకుపోయి, ఉప్పు వేసిన వేడినీళ్ళలో నా కాళ్ళు పెట్టింది. దీపం దగ్గరికి జరుపుకొని పిన్నీసుతో ఒక్కో ముల్లూ తీసి గడప మీద వరసగా పెట్టింది. చాలా అయ్యాక వాటిని చూసి, "బస్సులో ముళ్ళు గూడా ఉంటాయేమో" అంది. రెండో కాలు అందుకుంది. ఆ ఊళ్ళో నేను గట్టు దాటానని ఒప్పుకున్న మాట అది ఒక్కటే. మరునాటి బస్సులో ఇల్లు చేరిన నాయనా శీనుగాడూ తాత మాటనే ఉండనిచ్చారు.

నలభై ఒకటిలో రెండు చనిపోయాయి. తెల్లారకముందే తాత వాటిని తనే తీసుకుపోయి దూరంగా పూడ్చి, ఎవరికీ చెప్పలేదు. పెద్దయ్యాక, నాకు ఉద్యోగం వచ్చాక, ఒకరోజు ఆయన పక్కన కూర్చుని నేరుగా అడిగాను, ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పావని. ఆయన కొంచెంసేపు చుట్ట నమిలి, "రెండు సచ్చినాయి గదమ్మా. నువ్వు గట్టెక్కినావని తెలిస్తే ఆ రెండూ నీ తలకే చుట్టేవాళ్ళు. ఏ మందలో ఏది సచ్చినా నీ పేరే చెప్పేవాళ్ళు" అన్నాడు. నన్ను ఆయన "అమ్మా" అనడం అదే మొదలు.

ఆయన నన్ను కాపాడాననుకున్నాడు. అది నిజమే కావచ్చు, ఆయన ప్రేమ ఆ రూపంలో ఉండేదేమో. అయినా నేను ఒప్పుకోను. వాళ్ళు అననీ. నేను సమాధానం చెప్పుకునేదాన్ని. ఆ రెండూ చచ్చింది నా కాళ్ళ వల్ల కాదు, ఆకలి వల్ల. ఆకలి వచ్చింది ఒక మగాయన మాటను సరిగా మొయ్యలేకపోవడం వల్ల. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ బతికింది ఒక ఆడపిల్ల గొంతు వల్ల. ఈ లెక్క ఊరందరి ముందు చెప్పడానికి నాకు పదమూడేళ్ళప్పుడే ధైర్యం ఉంది. నా ధైర్యాన్ని నా మేలు కోసమే అని మూటగట్టి దాచేశారు. అది బయట పడకపోయేసరికి, ఇన్నేళ్ళలో తాత అబద్ధం పెరిగి పెద్దదై, మహేష్ ఫోన్లోకి ఎక్కేదాకా వచ్చింది.

ఇప్పుడు మా ఊళ్ళో మందలు తగ్గాయి. ఉన్న మందల మగవాళ్ళు సగం మంది కూలి పనులకు హైదరాబాదు పోయారు కాబట్టి జీవాల వెనక నడుస్తున్నది ఆడవాళ్ళే, తెల్లరాయి దాకా. ఊరికి రోజుకు మూడు బస్సులు, ఆటోలు లెక్కలేదు. కండక్టరు చేత కబురు పంపే అవసరం ఎవరికీ లేదు. గట్టెక్కే పట్నం పిల్లలకు మంచి బూట్లు, వీపున నీళ్ళ సంచీలు. వాళ్ళను నేను ఎగతాళి చెయ్యను. ఏడు మూపులూ వాళ్ళకూ ఏడే, బూట్లున్నంత మాత్రాన ఒకటి తగ్గదు. అన్నీ మారాయి గానీ, తగులుతుంది అన్న మాట ఒక్కటి చెక్కుచెదరలేదు.

ఇక్కడిదాకా రాసి మొన్న మహేష్‌కు చదివి వినిపించాను. వాడు తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు. వచ్చే ఆదివారం వస్తున్నవాళ్ళలో నలుగురు ఆడపిల్లలంట. ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలిసి, మగవాళ్ళనైతే పిలుచుకురా, ఆడవాళ్ళను గట్టెక్కనియ్యం, మాకూ జీవాలున్నాయి అన్నారంట. "వాళ్ళకు రావద్దని ఫోన్ చేద్దామనుకుంటాండా అవ్వా. ఊరోళ్ళతో గొడవెందుకు? వాళ్ళకు ఏదో ఒకటి చెప్తాలే, వాన పడిందనో ఏదో."

"ఏమీ చెప్పొద్దు. రమ్మను" అన్నాను.

"ఊరోళ్ళు ఆపితే?"

"ఎన్ని గంటలకు ఎక్కుతారు?"

"చీకటితోనే. నాలుగున్నరకు. నువ్వు ఎక్కలేవు అవ్వా, ఆ మోకాళ్ళతో."

"ఎక్కుతానని ఎవరన్నారు? నాకు ఆటో మాట్లాడు. తెల్లరాయి దాకా దారి బాగుందన్నావు గదా, అక్కడి దాకా నన్ను ఎట్లాగో చేర్చు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకురా. దారికి అడ్డంగా కాదు, పక్కన వేసి కూర్చోబెట్టు. ఆ పిల్లలు నా ముందు నుంచి పైకి పోతారు. ఎవరు ఆపడానికి వస్తారో రానీ. వాళ్ళ నాయనలందరూ నాకు తెలుసు."